చెట్టుకు పర్మిషన్ అడుగుతాం, కోసే మనిషి సంగతేంటి?

ఇంటి ముందు వేపచెట్టు కొట్టించాలంటే వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ఏ చెట్టు, ఎక్కడుంది, ఎందుకు కొడుతున్నారు అని అడుగుతారు. అడగాల్సిందే, చెట్టు విలువ అలాంటిది. అనుమతి చేతికొచ్చాక మాత్రం చైన్ సా, అంటే చెట్లు కోసే మోటారు రంపం మిషన్ పట్టుకుని ఆ చెట్టెక్కే మనిషి గురించి ఎవరూ ఒక్క మాట అడగరు. ఆ మిషన్ వాడటం అతనికి ఎవరు నేర్పారు? కాళ్లకు ఏం వేసుకున్నాడు? రేపు చెయ్యి తెగితే ఆ ఇంటిని ఎవరు చూస్తారు?

రెండేళ్ల కిందట మా బంధువుల సర్వి తోట కొట్టిస్తుంటే అక్కడే ఉన్నాను. మిషన్ పట్టుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. పైకి మడిచి కట్టిన లుంగీ, కాళ్లకు హవాయి చెప్పులు. ఆయిల్ కలిపిన పెట్రోలు వాటర్ బాటిల్లో పోసి తెచ్చుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావు తమ్ముడూ అని అడిగితే, "మా బావ చేస్తుంటే చూసి నేర్చుకున్నానండీ" అన్నాడు. ఆ బావ కూడా అక్కడే మోపులు కడుతున్నాడు. అడగ్గానే లుంగీ కొంచెం పక్కకు తీసి, ఎడమ తొడ మీద జానెడు పొడవున్న మచ్చ చూపించాడు. కుట్లకైన ఖర్చు కాంట్రాక్టరు పెట్టుకున్నాడట. పనిలోకి రాలేని రెండు నెలల కూలీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి మిషన్ పని బావమరిదికి వచ్చింది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. కూలీకి చైన్ సా పట్టే ప్రతి మనిషికీ శిక్షణ తప్పనిసరి చేయాలి. దాని ఖర్చు, దాన్ని అమలు చేసే బాధ్యత పని చేయించుకునేవాళ్ల మీద, మిషన్ అమ్మేవాళ్ల మీద పెట్టాలి. లైసెన్స్ అనే పేరుతో దాన్ని తెచ్చి కూలీవాడి నెత్తిన వేయకూడదు.

శిక్షణ ఎందుకో తెలియాలంటే ముందు ఈ మిషన్ ఎలా దెబ్బ తీస్తుందో తెలియాలి. గొడ్డలి దెబ్బ మనిషి చేతి బలాన్ని బట్టి ఉంటుంది. చైన్ సాలో పళ్ల గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. గొలుసు తిరిగే పొడవాటి రేకును బార్ అంటారు. ఆ బార్ కొస పైభాగం వేరే కొమ్మకో గట్టి ముడికో తగిలిందంటే, మిషన్ మొత్తం ఒక్కసారిగా పైకి, వెనక్కి, పట్టుకున్నవాడి ముఖం, మెడ మీదికి ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది కాబట్టి, ఎంత చురుకైనవాడైనా తప్పించుకునే టైమ్ ఉండదు. కాపాడేవి మూడే: ముందు హ్యాండిల్ దగ్గరుండే చైన్ బ్రేకు, రెండు చేతులతో బొటనవేలు చుట్టూ బిగించి పట్టుకునే పట్టు, బార్ కొసతో కోయకూడదన్న తెలివిడి. మొదటిది మిషన్‌తో పాటు వస్తుంది. మిగిలిన రెండూ ఎవరో ఒకరు నేర్పాలి. చెట్టు మీద ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో మిషన్ ఆడించేవాళ్లను మన వీధుల్లోనే చూస్తున్నాం. వాళ్లకు ధైర్యానికి కొదవ లేదు. ఇలా చేయకూడదని చెప్పినవాళ్లే వాళ్ల జీవితంలో లేరు.

కాళ్ల సంగతీ అంతే. చైన్ సా వాడేవాళ్ల కోసం తయారుచేసే ప్యాంట్లలో పొడవాటి నారలతో అల్లిన పొరలుంటాయి. గొలుసు పైగుడ్డను కోసి లోపలికి దిగగానే ఆ నారలు దాని పళ్లకు చుట్టుకుని ఇంజన్ దగ్గరి చక్రాన్ని బిగించేస్తాయి. గొలుసు ఆగిపోతుంది. ఆ రోజు ఆ బావ లుంగీకి బదులు అది వేసుకుని ఉంటే, పోయేది ప్యాంటు మాత్రమే.

ఇక చెట్టు కొట్టడం వేరే విద్య. పడే వైపు ముందు నోరు తెరిచినట్టు గాటు కోయాలి, తర్వాత వెనక నుంచి కోసుకుంటూ రావాలి, మధ్యలో చెట్టు మొదలు అడ్డుకొలతలో సుమారు పదోవంతు కర్రను కోయకుండా వదలాలి. తలుపుకు బందులా చెట్టును నడిపించి పడేసేది ఆ కాస్త కర్రే. దాన్ని కూడా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కోత మొదలుపెట్టకముందే వెనక ఏటవాలుగా పారిపోయే దారి చూసుకోవాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. మన దగ్గర ఆ దూరంలో పిల్లలు నిలబడి చూస్తుంటారు.

తుపాను వచ్చినప్పుడు ఇదంతా పదింతలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకాక రోడ్లకు అడ్డంగా పడ్డ చెట్లను తొలగించడానికే రోజులు పట్టింది. 2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. 2024 ఆగస్టు చివర్లో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలికి దాదాపు 50 వేల చెట్లు పడిపోయాయి. నిలబడి ఉన్న చెట్టు కన్నా పడిపోయిన చెట్టు ప్రమాదం. కాండం ఒక వైపు వంగి బిగుసుకుని ఉంటుంది, ఇంకో వైపు నొక్కుకుపోయి ఉంటుంది. బిగుసుకున్న వైపు కోస్తే బాణంలా లేచి తగులుతుంది. నొక్కుకున్న వైపు కోస్తే బార్ ఇరుక్కుపోతుంది. వేళ్లతో సహా లేచిన చెట్టు కాండం కోసేయగానే, మట్టితో ఉన్న ఆ వేరుగడ్డ తిరిగి గుంటలోకి ధబేలున పడొచ్చు. ఆ వెనక ఎవరున్నా అంతే. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) బృందాలకు ఈ పనిలో శిక్షణ ఉంటుంది. కానీ వాళ్లు వచ్చేలోపు, వచ్చి వెళ్లాక, తోటల్లో, సందుల్లో, కరెంటు తీగల కింద ఈ కోత కోసేది ఊరి కుర్రాళ్లే. అన్నిటికన్నా కష్టమైన పనిని ఏమీ నేర్పకుండా వాళ్ల చేతిలో పెడుతున్నాం.

అమెరికాలో ఏటా సుమారు 36 వేల మంది చైన్ సా గాయాలతో ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు వస్తారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది, తుపాన్ల తర్వాత ముప్పు ఇంకా పెరుగుతుందని హెచ్చరిస్తుంది. మన దగ్గర ఇలాంటి గాయం ఆసుపత్రి రికార్డుల్లోకి 'కోత గాయం'గానే వెళుతుంది. ఏ మిషన్‌తో అయిందో రాసేవాళ్లు అరుదు. లెక్క కనపడకపోతే సమస్య లేదనుకోవడం మనకు అలవాటైపోయింది.

మిగతా దేశాలు దీన్ని రకరకాలుగా చూశాయి. స్వీడన్‌లో ఉద్యోగంలోనో వృత్తిలోనో చైన్ సా వాడేవాళ్లు రాత పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష రెండూ పాసవ్వాలి. అక్కడివాళ్లు దాన్ని మోటారు రంపం డ్రైవింగ్ లైసెన్స్ అనే పిలుచుకుంటారు. బ్రిటన్‌లో 1998 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం, పనిలో ఈ మిషన్ వాడేవాళ్లకు తగిన శిక్షణ ఇప్పించాల్సింది యజమాని. సొంత పెరట్లో వాడుకునేవాళ్ల జోలికి ఆ నిబంధనలు వెళ్లవు. ఫిలిప్పీన్స్ 2002లో ఏకంగా చైన్ సా చట్టమే తెచ్చింది. మిషన్‌ను రిజిస్టర్ చేయించాలి, లేకపోతే శిక్ష. కానీ దాని ఉద్దేశం అడవుల నరికివేతను ఆపడం. ఈ తేడా మనం జాగ్రత్తగా గమనించాలి. మన దగ్గర రేపు ఎవరైనా చైన్ సా లైసెన్స్ అంటే, అది ఎర్రచందనం, టేకు దొంగల కోసం పుట్టి అక్కడే ఆగిపోతుందని నా భయం. దొంగల్ని పట్టుకోవాలి, సరే. సర్వి, సుబాబుల్, జామాయిల్ కొట్టే కూలీ కాళ్లు దానితో క్షేమంగా ఉండవు.

మనకు దారి చూపే చట్టం మన దేశంలోనే ఉంది. నూర్పిడి మిషన్లలో చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా పెరిగాక, 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. తయారుచేసేవాడికి లైసెన్స్, మిషన్‌కు రక్షణ ప్రమాణాలు, గాయపడ్డవాడికి పరిహారం అందులో ఉన్నాయి. నూర్పిడి మిషన్లతో పాటు, పల్లెల్లో, వ్యవసాయంలో వాడే ఇతర యంత్రాలను కూడా నోటిఫికేషన్ ఇచ్చి ఆ చట్టం కిందికి తెచ్చే అధికారం కేంద్రానికి ఉంది. నలభై ఏళ్ల కిందటే అంత ముందుచూపుతో రాసిపెట్టిన మాటను చైన్ సా కోసం బయటికి తీయడానికి అడ్డేముంది? 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ప్రధానంగా పది మందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. చెట్లు కొట్టే ముఠాలో నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్లు దాని కిందికి రావడమే కష్టం.

ఇంకో పోలిక. నమో డ్రోన్ దీదీ పథకంలో పొలాల మీద మందు కొట్టే డ్రోన్ నడపడానికి డ్వాక్రా మహిళలకు 15 రోజుల శిక్షణ ఇస్తున్నారు. మంచి పని. అదే పొలం గట్టు మీద తుమ్మచెట్టు కొట్టే మనిషికి ఒక్క పూట కూడా లేదు. పైగా ఆ మిషన్ ఆన్‌లైన్లో ఆరేడు వేలకే వస్తోంది. 58 సీసీ ఇంజన్, 22 అంగుళాల బార్, ఫ్రీ డెలివరీ. ఇంగ్లీషులో ఓ చిన్న మాన్యువల్, అంతే.

లైసెన్స్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్స్ బ్రోకర్ల చేతుల్లో ఎలా తిరుగుతుందో అందరికీ తెలుసు. చైన్ సాకు లైసెన్స్ పెడితే కూలీ రెండు రోజుల పని మానుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి, ఎవరికో డబ్బివ్వాలి. చేతిలో కార్డు ఉంటుంది, నేర్చుకున్నది ఏమీ ఉండదు. దారిలో ఆపి కార్డు చూపించమనే ప్రతివాడికీ మళ్లీ ఇచ్చుకోవాలి. రోజు కూలీతో ఇల్లు గడిచేవాడి మీద అంత భారం వేయడం అన్యాయం.

గురువు దగ్గర చూసి నేర్చుకునే పద్ధతి ఉందిగా అనేవాళ్లున్నారు. దాన్ని తీసిపారేయను. చెట్టు ఏ వైపు వాలుతుందో, గాలి ఎటుందో, కర్ర లోపల గుల్లగా ఉందో లేదో పాత మేస్త్రీలు చూడగానే చెబుతారు. ఆ జ్ఞానం ఏ ట్రైనింగ్ సెంటర్లోనూ దొరకదు. కానీ మేస్త్రి దగ్గర విద్యతో పాటు అతని పొరపాట్లూ వస్తాయి. పనికి అడ్డమని అతను చైన్ బ్రేకు పీకేస్తే శిష్యుడూ పీకేస్తాడు. అందుకే మేస్త్రీలకే ముందు నేర్పించి, వాళ్లనే నేర్పేవాళ్లుగా తీసుకోవాలంటాను. ఊళ్లో వాళ్ల మాట వింటారు కూడా.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. ఈ పని ఎక్కువగా చేయించుకునేవాళ్లలో ప్రభుత్వమే ముందుంటుంది. వానాకాలం ముందు తీగల కింద కొమ్మలు కొట్టించే విద్యుత్ పంపిణీ సంస్థలు, రోడ్డు పక్క చెట్లు తీయించే మున్సిపాలిటీలు, ఆర్ అండ్ బీ, నీలగిరి తోటలు కొట్టించే అటవీ అభివృద్ధి సంస్థలు, అన్నీ టెండర్లు పిలిచేవే. మిషన్ పట్టే ప్రతి మనిషికీ మూడు రోజుల శిక్షణ, కాలి రక్షణ, హెల్మెట్, చెవులకు రక్షణ, ప్రమాద బీమా ఉండాలని ఆ టెండర్లలో ఒక షరతు రాయాలి. ఖర్చు రేటులోనే కలపాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉన్నాయి. నేర్పడానికి చోటు కొరత లేదు. కాగితం గుజ్జు కోసం కర్ర కొనే కంపెనీలకూ ఇదే షరతు వర్తించాలి, ఎందుకంటే తోటల్లో కోత ఎక్కువగా జరిగేది వాళ్ల కోసమే.

టూ వీలర్ అమ్మితే హెల్మెట్ కూడా ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. చైన్ సా అమ్మేవాళ్లు కూడా కాలి కవచం, తెలుగులో బొమ్మలతో ఉన్న మాన్యువల్ ఇవ్వాలని పెట్టొచ్చు. ఇంటి అవసరానికి కొనుక్కునే రైతుకు అంత చాలు, అతన్ని పరీక్షకు పిలవనక్కర్లేదు.

కోస్తాలో పెద్ద తుపాన్లు అక్టోబర్, నవంబర్లలో ఎక్కువ. అంతకు ముందే మండలానికి ఒక ముఠాను తయారుచేసుకుంటే, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఆ రోజు రాత్రి ఎవర్ని పిలవాలో తహసీల్దారు దగ్గర ఫోన్ నంబర్లు ఉంటాయి.

మొన్న సంక్రాంతికి ఊరెళితే ఆ కుర్రాడు కనిపించాడు. సొంతంగా మిషన్ కొనుక్కున్నాడు. ఇద్దరు పిల్లలు అతని దగ్గర పని నేర్చుకుంటున్నారు. పెద్దవాడికి పదిహేడేళ్లట. ముగ్గురి కాళ్లకూ హవాయి చెప్పులే.