జీఐ ట్యాగు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ జీఐ ట్యాగు గారికి,

ఉభయకుశలోపరి. ఊరి పేరు ఆ ఊరి సరుకుకే దక్కాలని కాపాడే 'భౌగోళిక గుర్తింపు' కదా తమరు! 1999 చట్టం కడుపున పుట్టి, చెన్నైలో కాపురం పెట్టిన తమరు 2005లోనే పోచంపల్లి ఇక్కత్‌ను చల్లగా చూస్తామని మాటిచ్చారు. ఆ చల్లదనం ఎలా ఉందో చెబుదామని ఈ ఉత్తరం.

మొన్న పెళ్లి పెట్టుబడి చీరలకని ఓ షాపుకెళ్లాం. "ప్యూర్ పోచంపల్లి మేడమ్, ఆరొందలే" అని సేల్స్ అబ్బాయి మా ముందు ఓ చీర పరిచాడు. తిరగేస్తే లోపలివైపు రంగు వెలవెలబోతోంది. అసలు ఇక్కత్‌లో నేయకముందే పోగులకు రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు కదా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు కాస్త చెదురుతుంది. మహాప్రభో, ఆ చెదురును కూడా ప్రింటు వేసేశారు! మనిషి చేతి వణుకును మిషను అంత భక్తిగా కాపీ కొట్టిందంటే ముచ్చటేసింది.

"ఇది ప్రింటు కదా బాబూ?"

"డిజైన్ పోచంపల్లిదే కదమ్మా!"

తమరికి కోరల్లేవని ఎవరన్నారు? దొంగపేరుతో అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. కాకపోతే సోదాకు డీఎస్పీకి తగ్గని అధికారి రావాలి. ఆయన కదలాలంటే ముందు తమరి ఆఫీసు రిజిస్ట్రార్ గారి అభిప్రాయం రావాలి. అది వచ్చేలోగా ఆషాఢం సేల్ ముగిసి శ్రావణం స్టాకు దిగుతుంది.

ఇక మగ్గం గుంటలో కూర్చున్న ఆయన తాతలనాటి పనికి తమరి పేరు పెట్టుకోవాలంటే అధీకృత వినియోగదారుగా దరఖాస్తు పెట్టుకోవాలట. ప్రింటు మిషనుకు ఆ బెడద లేదు, ఎంత అదృష్టజాతకమో!

అయినా ఆ ఊరికి దానాలు కొత్తా? 1951లో వినోబా భావే పేదలకు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలిచ్చారు, ఊరి పేరుకు ముందు 'భూదాన్' చేరింది. ఇప్పుడు డిజైన్‌దానం జోరుగా సాగుతోంది. వినోబా గారు కనీసం నడిచొచ్చి అడిగారు.

ఇట్లు,
విధేయురాలు,
నేతచీరల పిచ్చిది