చేర్చుకున్నప్పుడు లేని జబ్బు, పంపేటప్పుడు వారసత్వమా?

సర్వీసు వల్ల జబ్బో గాయమో అయిన సైనికులకిచ్చే డిజేబిలిటీ పెన్షన్ కేసుల్లో సర్కారు ఓడుతూనే ఉంది, అప్పీళ్లు వేస్తూనే ఉంది. 2015లో రక్షణ శాఖ వేసిన నిపుణుల కమిటీ ఇక ఆపమంది. అయినా ఆగలేదు. అందరికీ తెలిసిన కథే కాబట్టి నేరుగా నడుము నొప్పి దగ్గరికొస్తాను.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్ను కీళ్లలో వాపు చేరి, ఏళ్లు గడిచేకొద్దీ పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు. సాధారణంగా ఇరవైల్లో మొదలవుతుంది, అంటే కుర్రాడు యూనిఫామ్‌లో ఉండే వయసు. తెల్లారి పీటీ విజిల్ మోగుతుంది. మంచం పట్టె పట్టుకుని పక్కకు దొర్లితే గానీ లేవలేడు. కాసేపు నడిచాక నడుము వదులవుతుంది. కదిలితే తగ్గే నొప్పి కదా, చూసేవాళ్లకు నాటకంలా ఉంటుంది. ఎక్స్‌రేలో తేలడానికి ఏళ్లు పట్టొచ్చు.

తేలాక మెడికల్ బోర్డు రాసేది ఒకటే ముక్క: సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదు.

ఇది జన్యువుల్లో ఉన్న జబ్బు, ఇంట్లో కూర్చున్నా వచ్చేదే, ప్రతిదానికీ ఖజానా పూచీ పడదు అని ప్రభుత్వ వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ జబ్బుతో ముడిపెట్టే హెచ్ఎల్ఏ-బి27 జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి అది అసలు రాదు. పైగా రావడం వేరు, ముదరడం వేరు. రెంటిలో ఏ ఒక్కటి సర్వీసు వల్ల జరిగినా పెన్షన్‌కు దారి ఉంది. వీపు మీద బరువు, మంచులో కాపలా ఈ వెన్నును ఏమీ చేయలేదని ఎలా తేల్చారు? ధరంవీర్ సింగ్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది: చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాయకపోతే మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. సర్వీసుతో సంబంధం లేదని చూపాల్సింది సర్కారే, అదీ కారణాలతో.

నా పాత గొడవ ఇక్కడే మొదలవుతుంది. కాదనే అధికారం ఉన్నవాడికి, ఎందుకు కాదో రాసే అలవాటు మన ఆఫీసుల్లో లేదు. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో 40 శాతానికి ఒక్క శాతం తగ్గించి పంపినా అంతే, రేషన్ కార్డు దగ్గర ‘అనర్హులు’ అన్నా అంతే. ఒక్క ముక్క రాయడానికి వాళ్లకు నిమిషం. దాన్ని చెరిపించుకోవడానికి పశ్చిమ గోదావరి జిల్లా మిలటరీ మాధవరం మాజీ సైనికుడు, వంగని నడుముతో, సైనిక ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లాలి.