ఉల్లిపాయలకు పోయిన సైలెన్సర్

మెకానిక్ అడిగింది 300 రూపాయలు. 4,200 పెట్టి ఆన్‌లైన్‌లో కొత్త సైలెన్సర్ తెప్పించుకున్నవాడికి 300 ఒక లెక్క కాదు. కానీ ప్రతి మనిషికీ ఎక్కడో ఒకచోట పిసినారితనం తన్నుకొస్తుంది, నాకు అక్కడ వచ్చింది. "నాలుగు నట్లు విప్పి నాలుగు నట్లు బిగించడానికి 300 ఏంటండి?" అని బండి వెనక్కి తిప్పేశాను. ఆయన బేరమాడలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాడంతే. ఆ 'ఆయ్'లో ఎంత అర్థం ఉందో సాయంత్రానికి గాని తెలిసిరాలేదు.

మాది మలికిపురం అవతల, కొబ్బరితోటల మధ్య ఊరు. ఇక్కడి ఉప్పుగాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది. ఇక పదేళ్ల బండికి, రోజూ కాలుతూ చల్లారుతూ, వానాకాలమంతా బురదలో తేలే నట్ల సంగతి చెప్పాలా? ఇంజను ముందు బెండు పైపుని పట్టి ఉంచే రెండు నట్లూ నట్లలా లేవు, ఎండిన కుంకుడుకాయల్లా ఉన్నాయి. 12 నంబరు పానా పెడితే జారిపోతోంది, 11 పెడితే దూరడం లేదు.

సైలెన్సర్ మార్చడం చూపించే వీడియో ఒకటి పెట్టుకున్నాను. అందులో కుర్రాడు ఏదో స్ప్రే డబ్బా తీసి తుస్సుమనిపించి, కాసేపాగి రెండు వేళ్లతో విప్పేశాడు. మా ఇంట్లో అలాంటి డబ్బా ఎక్కడిది? కోనసీమలో ఏ రోగానికైనా మందు ఒకటే. మామ్మనడిగి గిన్నెడు కొబ్బరినూనె తెచ్చి, పండగపూట పిల్లలకి తలంటినట్టు ఆ నట్లకి బాగా పట్టించాను. గంట నానాక పానాకి ఇనప గొట్టం తొడిగి, అంతర్వేది నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని వేలాడితే మొదటిది కీచుమని కదిలింది. రెండోదీ కదిలింది గాని, స్టడ్డుతో సహా, అంటే ఇంజనులో దిగి ఉండాల్సిన మరమేకుతో సహా, చేతిలోకొచ్చేసింది. వీడియోలో ఆ ముక్క లేదు. మళ్లీ దాన్ని ఇంజనులోకి ఎక్కించేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి, నాది తప్ప.

పాత సైలెన్సర్ ఊడివచ్చింది. ఎంత బరువో! లోపల గదులు గదులుగా పలకలుంటాయి కదా, శబ్దం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి అలిసిపోయి, చివరికి మర్యాదగా బయటికొస్తుంది. కొత్తదాంట్లో ఈ గదుల్లేవు. ఒక చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజుదూది. అంటే శబ్దానికి తిన్నగా వీధిలోకి దారి. నాకు కావలసింది కూడా అదే. పాతదాన్ని గేదెల పాక గోడకి ఆనించి, కొత్తదాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాను. చేతుల నిండా కొబ్బరినూనె.

బెండు పైపు పెట్టబోతే రాగి రింగు కనబడలేదు. గ్యాస్కెట్ అంటారు దాన్ని. ఇంజనుకీ పైపుకీ మధ్య నలిగి, సందు లేకుండా మూసేస్తుంది. ఒకసారి నలిగినది మళ్లీ పనికిరాదంటారు కాబట్టి పాతదాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి పీకి కాలవలోకి విసిరేశాను. కొత్తదాన్ని పొద్దున్న పెట్టె విప్పినప్పుడు నా కళ్లతో చూశాను. ఇప్పుడు లేదు. గోనెసంచి దులిపాను, కొబ్బరి డొక్కల గుట్ట తిరగేశాను. పక్కనే అరుగు మీద బొమ్మతో ఆడుకుంటున్న మా పాపని అడిగాను. "నాకు తెలీదు డాడీ" అంది, తలెత్తకుండా. 4,200 సైలెన్సర్‌కి ఆఫ్టరాల్ ఒక రింగు లేకపోతే ఏమైపోతుందిలే అని బిగించేశాను.

సరిగ్గా నాన్న గేదె పొదుగు కడిగి చెంబు పట్టుకుని కూర్చున్న వేళకి నేను కిక్కు కొట్టాను.

నేను కలగన్నది గుడుగుడు. వచ్చింది ఫటఫట. యాక్సిలరేటర్ వదిలేసరికి పేలింది చూడండి ఢామ్మని, దీపావళి అర్ధరాత్రి దాచుకుని కాల్చే ఆఖరి బాంబులాగ! రింగు లేని సందులోంచి గాలి లోపలికి దూరి, కాలకుండా మిగిలిన పెట్రోలు పైపులో అంటుకుంటే అలా పేలుతుందని తరవాత తెలిసింది. అప్పటికి తెలిసింది మాత్రం, పైపుకి పట్టిన కొబ్బరినూనె కాలడం మొదలైందని. కమ్మని వాసన. "ఎవరింట్లోనో అప్పడాలు వేయిస్తున్నారర్రా" అంది మామ్మ లోపల్నుంచి. పొగ పోయాక చూస్తే, తళతళలాడే కొత్త పైపు మీద నా అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి, రిజిస్టరాఫీసులో నిశానీ వేసినట్టు. ఎంత తోమినా పోలేదు. స్టార్ట్ చేసేముందు పైపుని శుభ్రంగా తుడవాలని ఆ కుర్రాడు వీడియో ఆఖర్లో చెప్పాడట. ఆఖరిదాకా చూసే ఓపిక ఎవడికుంది?

ఇంతలో పాకలోంచి చెంబు దొర్లిన చప్పుడు. గేదె బెదిరి పలుపు తెంపుకున్నంత పని చేసింది. మళ్లీ పాలు చేపలేదు. దూడని వదిలినా చేపలేదు. నాన్న ఖాళీ చెంబుతో బయటికొచ్చి నావంక చాలాసేపు చూశాడు.

"దీన్నేవంటార్రా?"

"సైలెన్సర్, నాన్నా."

"మరి పాతది?"

"అదీ సైలెన్సరే."

"దానికి పేరు నప్పింది" అని లోపలికెళ్లిపోయాడు.

ఆ రాత్రి మా బావ ఫోన్ చేశాడు. వాడికి చట్టాలు చదవడం వ్యసనం. 350 సీసీ బండి కంపెనీలో తయారయ్యేటప్పుడే 80 డెసిబెల్స్ దాటకూడదన్నాడు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నాడు. ఇవేవీ నన్ను కదిలించలేదు. మర్నాడు పొద్దున్న కూడా గేదె చేపలేదు, ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు. అది కదిలించింది. పానాలు పట్టుకుని పాక దగ్గరికెళ్లాను. గోడకి సైలెన్సర్ లేదు.

"ఆ తుప్పు గొట్టమా?" అంది మామ్మ. "ఉల్లిపాయలాడికి ఇచ్చేశాన్రా. కిలోన్నర ఇస్తానన్నాడు. నేనూరుకుంటానా? రెండు కిలోలు లాగాను." అప్పటికే సగం ఉల్లిపాయలు పులుసులోకి తరిగేసింది కూడా.

బండేసుకుని బయల్దేరాను. పాత ఇనప సామాన్లవాడి మోపెడ్‌కి మైకుంటుంది, ఆ అరుపు పట్టుకుని పోవచ్చు కదా అనుకున్నాను. కానీ నా బండి మోతలో నాకు ఏ మైకూ వినబడదు. అరకిలోమీటరుకోసారి ఇంజను ఆపి, చెవి రిక్కించి, మళ్లీ కిక్కు కొట్టడం. కొట్టినప్పుడల్లా ఒక పేలుడు, కాలవగట్టు మీద కొంగలన్నీ ఒక్కసారి లేవడం. నిన్నటి ఆ మోత ఎవరిదో తెలియనివాళ్లకి కూడా ఇప్పుడు మొహం చూపించినట్టయింది.

చివరికి సఖినేటిపల్లి రేవులో దొరికాడు. నరసాపురం వెళ్లే పంటు కోసం, అదే రేవు దాటించే పడవ కోసం, నిలబడ్డాడు. మోపెడ్ వెనక గోనెసంచిలోంచి నా పాత సైలెన్సర్ మూతి బయటికి పెట్టి చూస్తోంది.

"ఉల్లిపాయలు తెచ్చారాండి?"

"అవి పులుసులో ఉన్నాయి, తమ్ముడూ."

"అయితే 600 ఇప్పించండి."

పంటు దగ్గరికొచ్చేస్తోంది, బేరానికి టైము లేదు. 600 ఇచ్చేశాను. మెకానిక్ 300 గుర్తొచ్చింది గాని, గుర్తు రానట్టు మొహం పెట్టాను. వాడు మాత్రం నా బండి చుట్టూ ఓసారి తిరిగి, కొత్త సైలెన్సర్‌ని వేలితో టంగుమని కొట్టి చూశాడు.

"ఇదేం చేస్తారండి మరి?"

"ఎంతిస్తావు?"

"లోపల అంతా బోలేనండి, తూకం రాదు. కిలో ఉల్లిపాయలిస్తానండి."

పాతదాన్ని సీటుకి తాడేసి కట్టుకుని ఇంటికొచ్చాను. మళ్లీ బిగించాలంటే మళ్లీ ఆ రాగి రింగే కావాలి. అరుగు మీద మా పాప బొమ్మకి చీర కడుతోంది. చీర మీద, నడుం చుట్టూ, మెరుస్తూ వడ్డాణం.

"అమ్మా, అది డాడీదమ్మా, ఇచ్చెయ్యి" అన్నాను.

"పెళ్లయ్యాక ఇస్తాను డాడీ."

"పెళ్లెప్పుడు?"

"ఆదివారం."

ఇవాళ సోమవారం.