ఇంటిపేరు చూసి లెక్క తేల్చే ఇన్వెంటరీ టూల్ గారికి

మహారాజశ్రీ నెట్‌వర్క్ ఇన్వెంటరీ టూల్ గారికి,

ఉభయకుశలోపరి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఏయే కంప్యూటర్లున్నాయో వెతికి జాబితా రాసే తమరి స్కాన్ రిపోర్టులు అందుతున్నాయి. బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌ను వర్చువల్ మెషీన్ (వీఎం: ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) అంటున్నారు, ఒక్కటే ఉన్న వర్చువల్ మెషీన్‌ను రెండుగా రాస్తున్నారు. తమరి చలవే.

మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు, దాని మొదటి భాగం ఇంటిపేరు లాంటిది) 00:50:56తో మొదలైతే వీఎంవేర్, 08:00:27 అయితే వర్చువల్‌బాక్స్, 52:54:00 అయితే కేవీఎం, అంటే ఫలానా సాఫ్ట్‌వేర్ నడిపే వీఎం అని తమరికి కంఠతా వచ్చు. సంతోషం. కానీ ఇంటిపేరు కస్తూరివారైతే ఇంట్లో కస్తూరి ఉన్నట్టేనా? విండోస్ ల్యాప్‌టాప్‌లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వేస్తే వీఎంనెట్8 అనే వర్చువల్ అడాప్టర్ (ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు) వచ్చి కూర్చుంటుంది. దాని మ్యాక్ మామూలుగా 00:50:56:సి0:00:08. ఏ ల్యాప్‌టాప్‌లో చూసినా అదే. తమరు ముందు వాటన్నిటినీ వర్చువల్ అన్నారు, ఆపైన మ్యాక్ ఒకటే కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టి ఒక్క రికార్డు చేశారు. డెవలపర్లంతా ఒకే ల్యాప్‌టాప్‌తో కాపురం చేస్తున్నారని ఆడిటర్‌కు ఎవరు చెప్పాలి?

తయారీదారు గడిలో మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అని కనబడితే చాలు, హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ వారి వీఎం సాఫ్ట్‌వేర్) అని ముద్ర గుద్దేస్తారు. సర్ఫేస్ ల్యాప్‌టాప్ చెప్పేదీ ఆ పేరే. పక్కనే మోడల్ గడి ఉంది, కాస్త తల తిప్పండి: అందులో ‘వర్చువల్ మెషీన్’ అని ఉంటేనే హైపర్-వీ.

ఇక కవలల సంగతి, అంటే ఒకే మెషీన్‌కు రెండు రికార్డులు. వీసెంటర్‌ను (వీఎంవేర్ వీఎంలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) అడిగితే యూయూఐడీ (మెషీన్‌ను గుర్తుపట్టే ఐదు భాగాల నంబరు) 12345678 అని మొదలవుతుంది. అదే మెషీన్ లోపలికెళ్లి డబ్ల్యూఎంఐని (మెషీన్ వివరాలు చెప్పే విండోస్ సదుపాయం) అడిగితే కొన్నిసార్లు 78563412 అంటుంది. మొదటి మూడు భాగాల్లో బైట్ల వరస తిరగబడిందంతే, చివరి రెండు భాగాలు చెక్కుచెదరవు. తిప్పి ఒకసారి పోల్చి చూస్తే పోయేదానికి కొత్త రికార్డు తెరిచారు. లైనక్స్‌లో ఇంకో తంటా: రూట్ (పూర్తి అధికారాలున్న అకౌంటు) కాని అకౌంటుతో లాగిన్ అయితే ప్రొడక్ట్ నేమ్ చదవనిస్తుంది, ప్రొడక్ట్ యూయూఐడీ చదవనివ్వదు. అంటే వీఎం అని తెలుస్తుంది, ఏ వీఎమ్మో తెలియదు. అప్పుడు మ్యాక్‌ను పట్టుకుని వేలాడతారు. నెట్‌వర్క్ కార్డు మార్చగానే ఇంకో కవల పుడుతుంది.

తప్పంతా తమరిది కాదులెండి. టెంప్లేట్‌లోనే (కొత్త వీఎంలకు అచ్చుగా వాడే వీఎం) ఏజెంట్ (తమరికి వివరాలు పంపే చిన్న ప్రోగ్రాం) వేసి క్లోన్ (నకలు) చేసే మహానుభావులున్నారు. క్లోన్లన్నీ ఒకే ఏజెంట్ ఐడీతో వస్తాయి, చివర పలికినదాని పేరే రికార్డులో మిగులుతుంది. పూటకో హోస్ట్‌నేమ్ మారే రికార్డు కనబడితే రోగం ఇదే. టెంప్లేట్ చేసేముందు ఏజెంట్ సర్వీసు ఆపి దాని ఐడీ తీసేయాలి, లైనక్స్‌లో మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయాలి. విండోస్‌లో సిస్‌ప్రెప్ (నకలు తీసేముందు విండోస్ గుర్తింపులు తుడిచే పని) చేశాం కదా అని ధీమా వద్దు, ఏజెంట్ ఐడీ జోలికి అది పోదు.

విన్నపం ఒక్కటే. ముందు హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చే ఇన్‌స్టెన్స్ యూయూఐడీ చూడండి, తర్వాత బయోస్ యూయూఐడీని (పైన చెప్పిన తిరగబడే నంబరు) రెండు వరసల్లోనూ చూడండి, ఆ తర్వాతే సీరియల్ నంబరు. ‘టు బీ ఫిల్డ్ బై ఓఈఎం’ (తయారీదారు నింపాలి) అనేది సీరియల్ నంబరు కాదు, 03000200-0400-0500-0006-000700080009 అనేది ఎవరి యూయూఐడీ కాదు. వాటిని పక్కన పెట్టండి. మ్యాక్ ఆ తర్వాత, అదీ వర్చువల్ అడాప్టర్లను ఏరేశాక. హోస్ట్‌నేమ్ అన్నిటికంటే చివర. ఐపీ అడ్రస్‌ను సాక్ష్యానికి పిలవనే వద్దు, డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సేవ) దాన్ని రేపు ఎవరికిస్తుందో దానికే తెలియదు.

అన్నట్టు, రికార్డుకింత అని లైసెన్సు రుసుము వసూలు చేసేది తమరే కాబట్టి కవలల మీద ఆ మమకారం ఎందుకో అర్థమైంది. ఈసారి బిల్లులో మాత్రం ఒక్కో మెషీన్‌ను ఒక్కసారే లెక్కపెట్టగలరు.

ఇట్లు,
ఆడిట్ దగ్గరపడ్డ ఒక సిస్టమ్ అడ్మిన్