సాంకేతిక కారణాలకు ముప్పు

ఆఫీసుల్లో ఈ మధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. నెట్ పోతే, ఎందుకు పోయిందని వెతుకుతున్నారు.

ఇదివరకు ఈ గోల లేదు. "నెట్ రావట్లేదండీ" అని ఒక సీటు నుంచి కేక వినపడేది. "మాక్కూడా" అని నలుగురు వంత పాడేవారు. అటెండరు వెళ్లి రౌటరు ఆపి, కాసేపాగి మళ్లీ వేసేవాడు. ఈలోగా టీ వచ్చేది. నెట్ వస్తే అటెండరు చలవ, రాకపోతే కంపెనీవాడి తప్పు. కౌంటరు దగ్గర జనం మరీ గొడవ చేస్తే తలుపుకు ఒక కాగితం అంటించేవారు: 'సాంకేతిక కారణాల వల్ల సేవలు నిలిపివేయడమైనది.' ఎవరి పేరూ బయటికి రాకుండా, ఎవరికీ మెమో పడకుండా ఇన్నేళ్లు ఇంతమందిని కాపాడిన వాక్యం మన పరిపాలనలో మరొకటి లేదు. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది.

ఎసరు పెట్టింది బయటివాళ్లు కారు, మన పార్ట్‌టైమ్ అడ్మినే. ఈ పదవికి నోటిఫికేషన్ ఉండదు, పరీక్ష ఉండదు, అదనపు బాధ్యతలంటూ ఆర్డరైనా రాదు. ఎప్పుడో ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని పదిమంది చూస్తుండగా బయటికి లాగిన పాపానికి జూనియర్ అసిస్టెంటో లెక్కల మాస్టారో జీవితాంతం 'కంప్యూటర్ ఆయన' అయిపోతాడు. ఏమీ తెలియనంత కాలం ఆయనతో ఇబ్బంది లేదు. ఈమధ్య సాయంత్రాలు కూర్చుని నేర్చుకుంటున్నాడు. అదీ ప్రమాదం.

నేర్చుకున్నవాడు అడిగే మొదటి ప్రశ్నే సంఘ విద్రోహం. "మీ ఒక్కరికేనా, అందరికీనా?" ఇంతవరకు 'నెట్ పోయింది' అన్న గొడుగు కింద పాస్‌వర్డు మర్చిపోయినవారు, ప్రింటరు ఆన్ చేయనివారు, ఒక్క ప్రభుత్వ పోర్టల్ మాత్రమే తెరుచుకోనివారు అంతా సుఖంగా తలదాచుకున్నారు. ఈ ప్రశ్నతో ఎవరి జబ్బు వాళ్లదైపోతుంది. ఒక్కరికే అయితే ఆయన వంగి టేబుల్ కింద చూస్తాడు. అక్కడ క్లిప్పు విరిగి, సాకెట్లోంచి సగం జారిన కేబులు ఉంటుంది. దాని మీదుగా రోజూ తిరిగే చక్రాల కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు. సాంకేతిక కారణం కోసం వెళ్తే మనిషి దొరికాడు! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

తర్వాత నల్ల తెర ఒకటి తెరిచి, యంత్రానికి నెట్‌లో ఉన్న చిరునామా నంబరు చూపే ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొడతాడు. 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఈ యంత్రానికి జవాబు రాలేదని, అడిగి అడిగి విసిగి తనకు తానే ఒక నంబరు పెట్టుకుందని అర్థం. ఎవరూ ఇవ్వని హోదా తనే తగిలించుకుని కూర్చున్నవాళ్లను ఆఫీసులో చూస్తూనే ఉన్నాం కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

ఇక పింగ్, అంటే ఇంకో యంత్రాన్ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే ఆయన అమెరికా సైనిక ప్రయోగశాలలో నెట్‌వర్క్ తేడాగా ఉంటే ఒక్క రాత్రి కూర్చుని దీన్ని రాసేశాడు. టెండరు లేదు, కమిటీ లేదు, సాధ్యాసాధ్యాల నివేదిక లేదు. అలా పుట్టినదాన్ని మనం ఎలా నమ్మడం? కానీ మనవాడు నమ్ముతాడు. ముందు 192.168.1.1 అని ఇంటి గుమ్మం లాంటి రౌటరును పలకరిస్తాడు. అది పలికితే 8.8.8.8 అని బయట ఉన్న గూగుల్ సర్వరును. అదీ పలికి, పేరుతో అడిగితే మాత్రం సైటు దొరక్కపోతే, లైను బాగానే ఉంది, పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ దగ్గరే తేడా అంటాడు. దాంతో 'కంపెనీవాడి తప్పు' అనే రెడీమేడ్ తీర్పు కొట్టుకుపోతుంది.

సగం నేర్చినవాళ్లంటే మాత్రం నాకు గౌరవం. పింగ్‌కు జవాబు రాకపోతే సర్వరు చచ్చిందని ప్రకటించేస్తారు. బయటి పలకరింపులను అడ్డుకునే ఫైర్‌వాల్ ఉన్న యంత్రం బతికుండీ పలక్కపోవచ్చన్న అనుమానం వాళ్లకు రాదు. సమాచారపు మూట (ప్యాకెట్) వెళ్లే దారిలో ఒక్కో మజిలీని వరసగా చూపే ట్రేసర్ట్ కొట్టి, మధ్యలో మూడు చుక్కలు కనపడగానే లైను అక్కడే తెగిందని చేయి చూపిస్తారు. దాని కింది వరసల్లో ప్యాకెట్ క్షేమంగా ఊరు చేరినా సరే, వాళ్లకు పట్టపగలు చుక్కలే కనిపిస్తాయి. ఇటువంటివారి వల్ల వ్యవస్థకు ఏ హానీ లేదు. ప్రోత్సహించాలి.

పూర్తిగా నేర్చుకున్నవాడితోనే తంటా. ఆఫీసులో సగం మందికి నెట్ ఉండి సగం మందికి లేదనుకోండి, పైగా రోజుకో సగం. పాత పద్ధతిలో దీన్ని గ్రహచారం అనేవారు. ఇతను బాగున్న యంత్రాన్ని, బాగాలేనిదాన్ని పక్కపక్కన పెట్టి గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటరు నంబర్లు పోల్చి చూస్తాడు. రెండూ వేరు. అంటే ఇంట్లో వాడే రౌటరును ఎవరో తెచ్చి, గోడలోంచి వచ్చిన వైరును బయటి లైను పెట్టే రంధ్రంలో కాక, లోపలి యంత్రాలను తగిలించే లాన్ రంధ్రంలో గుచ్చారు. ఆ పరికరం దారిన పోయే ప్రతి యంత్రానికీ తన చిరునామాలు పంచుతోంది. ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల మాటే చెల్లుబాటు. ఆ దొంగ గేట్‌వేకు ఆగకుండా పింగ్ కొడుతూ, ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే స్విచ్చి అనే పెట్టె దగ్గర ఒక్కో కేబులూ పీకుతాడు. ఏది పీకితే పింగ్ ఆగిందో ఆ వైరు వెంట నడుస్తాడు. వరండా దాటి, మెట్లెక్కి, కర్టెను ఉన్న గది ముందు తేలతాడు. తన ఫోనుకు వైఫై సరిగ్గా అందడం లేదని ఇంటి నుంచి రౌటరు తెప్పించుకున్న అధికారి గది అది.

ఇప్పుడు చెప్పండి, ఏం సాధించాడు? రిపోర్టులో ఏమని రాస్తాడు?

గడియారం సంగతీ ఇంతే. పాత కంప్యూటర్లో బిళ్ల బ్యాటరీ చచ్చి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, సైట్లు అసలువేనని రుజువు చేసే సర్టిఫికెట్లు చెల్లవంటూ ప్రతి పేజీ ఎర్రగా హెచ్చరిస్తుంది. చూసేవాళ్లకది వైరస్. ఇతను మాత్రం కుడి చేతి మూల తేదీ చూసి బ్యాటరీకి ఇండెంట్ పెడతాడు. పాత ఇండెంట్ ఏ సెక్షన్లో ఎన్నాళ్లుగా పడి ఉందో కూడా అప్పుడే తేలుతుంది. వెతక్కపోతే హాయిగా వైరస్ అనుకునేవాళ్లం.

వీటన్నిటినీ మించిన విపత్తు నోటుబుక్కు. ఏ కేబులు ఏ పోర్టుకు, నిన్న ఎవరు ఏం మార్చారు, ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తే ఏమైంది, అన్నీ తేదీలతో రాస్తాడు. రౌటరు ఆపి వేయడంలోని సౌందర్యమే అది, ఆనవాళ్లను తుడిచేస్తుంది. నోటుబుక్కు వాటిని దాస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రేపెవరైనా దాని నకలు అడిగితే ఎవరు జవాబుదారీ?

ఈ వ్యాధి ముదిరితే ఏమవుతుందో ఫేస్‌బుక్‌ను చూడండి. 2021 అక్టోబరు 4న దాదాపు ఆరు గంటలు మూతపడింది. మెయింటెనెన్సులో తామే ఇచ్చిన ఒక ఆదేశం తమ వెన్నెముక నెట్‌వర్కును తెంచిందని, దాంతో తమ డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కు కనపడకుండా పోయాయని వాళ్లే ప్రపంచానికి రాసి చెప్పుకున్నారు. అంత డబ్బుండీ తలుపుకు అంటించడానికి ఒక కాగితం దొరకలేదు పాపం.

నేర్చుకోవడాన్ని పూర్తిగా ఆపలేం కనుక శిక్షణ అధికారికంగా ఇవ్వడమే మార్గం. మూడు రోజులు. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం. రెండో రోజు నెట్‌వర్కు పనిని పొరలుగా విడదీసి చెప్పే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరలు, స్లైడులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి. కేబులు, దాని చివర క్లిప్పు బిగించే క్రింపింగ్ టూలు హాలు దరిదాపుల్లో ఉండకూడదు. మూడో రోజు ఏడు పొరల పేర్లు కింది నుంచి పైకి అప్పజెప్పినవారికి ముందుగానే ప్రింటు చేసిన సర్టిఫికెట్. ఇక వాళ్లు ప్లగ్గు ఊడిందేమోనని ఏ టేబుల్ కిందికీ వంగరు. భోజనంలో స్వీటు కూడా పెడితే, వచ్చే ఏడు రిఫ్రెషర్ కోర్సుకు అడక్కుండానే పేర్లిస్తారు.