శిలాఫలకం పడని పని

గోదావరి డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా పొలిమేరలోనే దాతల పేర్లు ఎదురవుతాయి. స్వాగత ద్వారం మీద ఒకరిది, బస్సు షెల్టరు మీద మరొకరిది, మంచినీటి ప్లాంటు మీద ఇంకొకరిది, చివరకు శ్మశానం గేటు మీద కూడా. ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం వండి పెట్టిన ప్రాంతం ఇది. అయితే అదే ఊళ్లో శివారు చేనుకు నీరందని రైతులను, కౌలు కార్డు లేని కౌలుదారులను, నది మధ్య లంక భూమి లీజు దక్కని కూలీలను ఒకచోట కూర్చోబెట్టి, అర్జీ రాయించి, తహసీల్దారు కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్లే మనిషి ఎవరో, ఆ మనిషి ఇల్లు ఎలా గడుస్తోందో ఏ పలకా చెప్పదు. ఆ పనికి డబ్బిచ్చేవారు అరుదు. దాతలు లేక కాదు. కూడగట్టుకున్న జనం ఏదో ఒక రోజు దాతనే ప్రశ్న అడుగుతారు కనుక.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. కోనసీమలో ఈ మాటకు అర్థం ప్రధానంగా చమురు, గ్యాస్ డబ్బు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పైపుల వయసెంత, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని నిలదీసే గ్రామ సంఘం పెట్టుకోవాలంటే, ఖర్చుల కోసం ఆ రంగం కంపెనీల తలుపే తట్టాలా? బడికి బల్లలు అడిగితే వస్తాయి, ఆసుపత్రికి మంచాలు అడిగితే వస్తాయి. ఎదుటి పక్షం వకీలు ఫీజు మాత్రం ఎవరూ కట్టరు. అందుకు కంపెనీలను తిట్టి ప్రయోజనం లేదు.

విదేశీ ఫౌండేషన్ల దారీ ఇరుకైంది. 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం, ఒక సంస్థ అందుకున్న సొమ్మును మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించింది. పరిపాలనా వ్యయంపై ఉన్న 50 శాతం పరిమితిని 20 శాతానికి దించింది. నగరంలోని పెద్ద సంస్థ ద్వారా కాలువ గట్టు మీది చిన్న సంఘానికి చేరే డబ్బు అక్కడితో ఆగింది. ఇక మిగిలింది దేశీయ ఫౌండేషన్లు, ఊరు విడిచి వెళ్లి స్థిరపడిన మనవాళ్లు. అమెరికాలో ఉన్నా భారత పౌరసత్వం వదులుకోనివారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. ఈ సంగతి తెలియక వెనకాడేవారు ఉండవచ్చు.

ఇచ్చేవారు దేనికివ్వాలి? ఈ డెల్టాలోనే రెండు అనుభవాలు ఉన్నాయి. 1997లో చట్టం చేసి రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటు చేశారు. ప్రపంచ బ్యాంకు రుణంతో పూడికతీతలు, మరమ్మతులు జరిగాయి. డబ్బు మట్టి పనికి వచ్చింది, మనుషులు కూర్చుని మాట్లాడుకునే అలవాటుకు రాలేదు. తర్వాత సంఘాల ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా పడినా గట్టిగా అడిగిన ఆయకట్టు రైతులు తక్కువే. రెండోది 2011 సార్వా (ఖరీఫ్). కోనసీమ రైతులు ఎవరి నిధులూ లేకుండానే పంట విరామం ప్రకటించారు, అంటే కావాలనే పంట వేయలేదు. ప్రభుత్వం దిగివచ్చి, రైతుల గోడు విని నివేదిక ఇవ్వడానికి మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో కోనసీమలో మళ్లీ పంట విరామం, మళ్లీ మురుగు కాలువల మాటే! ఆ కాలువలను పూడ్చేసే గుర్రపు డెక్క మాత్రం రైతు కోపంలా వచ్చిపోయేది కాదు, ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. మధ్యలోని పదకొండేళ్లూ ఆ నివేదిక పట్టుకుని డ్రెయినేజీ కార్యాలయం మెట్లెక్కుతూ ఉండటానికి జీతమున్న మనిషి కావాలి. ఫౌండేషన్లు ఇవ్వగలిగింది ఆ జీతమే. అవి ఇవ్వడానికి ఇష్టపడనిదీ అదే.

డబ్బు వస్తే సంఘం చెడుతుందని ఉద్యమాల్లో పండిపోయినవారు అంటారు. కొట్టిపారేయదగిన మాట కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం సంస్థాగత నిధులు ముట్టకుండానే సమాచార హక్కు చట్టానికి దారి వేసింది. వారికి నమస్కారం. కానీ అంతటి త్యాగం చేయగలవారు ఎన్ని మండలాల్లో దొరుకుతారు? మా దృష్టిలో అంతకన్నా పెద్ద చేటు నివేదికల రూపంలో వస్తోంది. గట్టు మీద ఉండాల్సిన కార్యకర్తను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, లబ్ధిదారుల సంఖ్యను మూడు నెలలకోసారి ఇంగ్లీషులో అడిగే పద్ధతి అది. ఆ లెక్క ముందు సభ్యులకు, ఊరి అరుగు మీద, తెలుగులో చెప్పాలి. సభ్యులు పది రూపాయలైనా చందా కట్టాలి. దాని మీద ఫౌండేషన్ ఐదేళ్లపాటు ఏ షరతూ లేకుండా జీతం భరించాలి.

ఐదేళ్లు ఎందుకంటే, కౌలు కార్డును చూడండి. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలే చెల్లుతుంది, దాని మీద భూ యజమాని సంతకం ఉండాలి. ఏడాది గ్రాంటుతో ఐదు వందల కార్డులు ఇప్పించామని చెప్పుకున్న సంస్థ మరుసటి ఏడాది కనబడకపోతే, కౌలుదారు మళ్లీ మొదటికే వస్తాడు. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడాది మక్తా (కౌలు) పెంచుతారేమోనన్న భయం కౌలుదారుది. ఇద్దరి మధ్య తిరిగి నచ్చజెప్పే మనిషి ప్రతి ఏడాదీ అదే ఊళ్లో ఉండాలి.

ఆ యజమాని చాలాసార్లు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టించింది కూడా కొన్నిచోట్ల వారే. జూన్‌లో సార్వాకు కాలువలు వదిలేలోగా వారు ఆ కాగితం మీద సంతకం చేసి పంపితే, అది తెచ్చి ముందుపెట్టిన మనిషికి వచ్చే ఏడాది జీతం సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.