నల్లపాము కొనే ముందు అడగాల్సిన ప్రశ్న

“హాల్లో సోఫాకి ఎదురుగా పెద్ద గాజుపెట్టె, అందులో నిగనిగలాడే నల్లపాము. వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోవాలి!” ఈ ముచ్చట నాతో చెప్పుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మా ఇంట్లో ఏడేళ్లుగా నల్లపాము ఉందని తెలిసి ఫోన్ చేస్తారు. ఏ జాతి, ఎన్ని అడుగులు, చేతిలోకి తీసుకోవచ్చా, ఇవే ప్రశ్నలు. పగటిపూట అది బయటికి వస్తుందా అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నలుగురికీ చూపించడానికే కొనేటప్పుడు మొదట అడగాల్సింది అదే కదా!

పాముకి దాక్కోవడమంటే ప్రాణం. చాలా జాతులు రోజులో ఎక్కువసేపు ఏదో ఒక సందులో చుట్ట చుట్టుకుని పడుంటాయి. ఆ సందు లేకపోతే టెన్షన్ పడి తిండి మానేస్తాయి, అద్దానికి మూతి రాసి రాసి పుండు చేసుకుంటాయి. “దాక్కోవడానికి గూడు పెడితే ఇక చూసేదేముంది?” అని దాన్ని తీసేసేవాళ్లుంటారు. నేనూ మొదట్లో ఆ తెలివితక్కువ పని చేశాను. మూడు వారాలు మా పాము ఏమీ ముట్టలేదు. ఆఖరికి వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, రెండు గూళ్లు పెట్టాను. చిత్రంగా, అప్పటినుంచే అది ఎక్కువగా బయట తిరగడం మొదలుపెట్టింది. వెనక్కి దూరడానికి చోటుందన్న ధీమా వచ్చిందేమో.

మాది మెక్సికన్ బ్లాక్ కింగ్‌స్నేక్. సొనోరా ఎడారి వైపు పాము, విషం లేదు. బాగా పెరిగితే మూడు నాలుగు అడుగులు. “ఇంతేనా?” అంటారు చూసినవాళ్లు. ఇంతే. కానీ తల నుంచి తోక దాకా కాటుక నలుపు. పొద్దున, సాయంత్రం పెట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా పచార్లు చేస్తుంది. ఎలుక వాసన తగిలిందంటే నా వేలికీ ఎలుకకీ తేడా చూడదు, అందుకే తిండి పట్టకారుతోనే అందిస్తాను. కింగ్‌స్నేక్‌లు తోటి పాముల్ని కూడా మింగుతాయి, రాటిల్‌స్నేక్ విషం కూడా వీటి మీద పెద్దగా పనిచేయదు. జంటగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందని రెండింటినీ ఒకే పెట్టెలో పెడితే తెల్లారేసరికి ఒకటే మిగలొచ్చు.

ఇంకాస్త పొడుగుది కావాలంటే బ్లాక్ రాట్‌స్నేక్ ఉంది, నాలుగు నుంచి ఆరడుగులు. కొమ్మలెక్కడం దీనికి సరదా, కాబట్టి పెట్టెకి ఎత్తు కూడా ఉండాలి. బెదిరితే వదిలే కంపు గురించి అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు. పిల్లగా ఉన్నప్పుడు ఇది నల్లగా ఉండదు, బూడిదరంగు మీద మచ్చలు ఉంటాయి. కోస్టారికా, పనామా కొండల్లోని బ్లాక్ మిల్క్‌స్నేక్ అయితే మరీను. పిల్లకి ఎరుపు, నలుపు, పసుపు పట్టీలు. పెరిగేకొద్దీ నలుపు కమ్ముకుంటూ వచ్చి ఆ రంగులన్నిటినీ మింగేస్తుంది. నాకైతే నిగనిగలాడే పెద్దపాము కన్నా ఆ మార్పు చూడటమే ఇష్టం. రేపటికల్లా చుట్టాలకి చూపించాలనుకునేవాళ్లకి అంత ఓపిక ఉండదు.

నిజం చెప్పాలంటే, ప్రదర్శనకి ఈస్టర్న్ ఇండిగోని మించింది లేదు. అమెరికాలో పుట్టే పాముల్లో అన్నిటికన్నా పొడవైనది, ఎనిమిదడుగులు దాటొచ్చు. వెలుగు పడితే నేరేడుపండు నిగారింపు. పగలే తిరుగుతుంది. అయినా కొనమని చెప్పను. అక్కడి ప్రభుత్వం 1978లోనే దీన్ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది, అమ్మకాలకి, పెంపకానికి అనుమతుల తతంగం ఉంది. పైగా తిన్నది త్వరగా అరిగించుకుని తరచూ పెట్టె పాడుచేస్తుంది, ఆ వాసన హాల్లో భరించలేరు. న్యూగినీ కొండల్లోని బోలెన్స్ పైథాన్ కూడా అంతే అందగత్తె. పెంపకంలో దానికి పిల్లలు పుట్టడం అరుదు కాబట్టి, ఎవరైనా అమ్మకానికి చూపిస్తే అడవిలో పట్టింది కాదు కదా అని అనుమానించాల్సిందే.

బ్లాక్ మాంబా గురించి అడిగేవాళ్లు కూడా తగులుతుంటారు. దాని ఒళ్లు నల్లగా ఉండదు, నల్లగా ఉండేది నోటి లోపల. ఆ నలుపు చూడాల్సి వచ్చిందంటే మీరు దానికి చాలా దగ్గరగా ఉన్నట్టే. విషపు పామును ఇంట్లో పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

నా సలహా వింటే ‘పెద్ద’ అనే మాట వదిలేయండి. ఆ శ్రద్ధ పెట్టె మీద పెట్టండి. నాలుగడుగుల పాముకి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఒక చివర 30 డిగ్రీల సెల్సియస్ దాకా, రెండో చివర 24 దగ్గర. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, తాళం తప్పనిసరి. నల్లటి వెనకగోడ ముందు నల్లపాము కనపడనే కనపడదు. లేతరంగు చెక్కపొట్టు, తెల్లబారిన ఎండుకొమ్మ, పైనుంచి కాస్త ముందువైపుగా పడే వెలుగు ఉంటే చాలు, పొలుసుల మీద ఇంద్రధనుస్సు మెరుపు కనిపిస్తుంది. కుబుసం విడిచే ముందు మాత్రం ఒళ్లు బూడిద పట్టినట్టు, కళ్లు పాలు పోసినట్టు అవుతాయి. అప్పుడు దాని జోలికి వెళ్లకూడదు. మా ఇంటికి చుట్టాలు సరిగ్గా ఆ వారంలోనే దిగుతారు!

వచ్చినవాళ్లని అద్దం మీద కొట్టనివ్వను, ఆ అదురు పాముకి ఒళ్లంతా తెలుస్తుంది. పాముల నుంచి అంటుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం వల్ల ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వను, మిగతావాళ్లు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మెడలో వేసుకుని ఫోటో అంటే కుదరదని చెప్పేస్తాను. ఇరవై ఏళ్లు బతకగల ప్రాణి అది, ఫోటో కోసం వచ్చినవాళ్లు గంటలో వెళ్లిపోతారు. మొన్న ఆదివారం ఆరుగురు వచ్చి పెట్టె ముందు ముప్పావుగంట కూర్చున్నారు. గూట్లోంచి రెండంగుళాల తోక మాత్రం కనిపించింది. వాళ్లు కారెక్కాక బయటికొచ్చింది.